మనిషి లేని ఖాతాకు కావలి ఎవరు?

ఓరుగల్లు సీమలో చెరువు లేని ఊరు అరుదు. చెరువు ఉన్నచోట తూము, తూము ఉన్నచోట నీరటి ఉండడం మన పల్లెల పాత ఏర్పాటు. చెరువు నీరటి సొత్తు కాదు. ఆయకట్టు పొలాలలో చాలావరకు అతనివి కావు. అయినా తూము ఎత్తి దించే అధికారం అతనిదే. ఏ మడికి ఏ వేళ నీరు పారవలెనో ఊరు నిర్ణయించేది; ఆ నిర్ణయాన్ని జరిపించడం అతని పని. తూము అప్పగించినారు గదా అని గాదెల తాళపుచెవులు కూడ అతని చేతికి ఎవ్వరూ ఇవ్వలేదు. ఈ చిన్న ఏర్పాటులో నాలుగు ధర్మాలు ఇమిడి ఉన్నవి. అధికారం పనికి చాలినంతే ఉండవలెను. దాని మీద పదిమంది కన్ను ఉండవలెను. దానికి జవాబుదారి ఒకడు ఉండవలెను. చేతులు మారేటప్పుడు సక్రమంగా అప్పగింత జరగవలెను.

నేటి కార్యాలయాల కంప్యూటర్లలో ఇటువంటి నీరటి పని చేసే ఖాతాలు అనేకం ఉన్నవి. వాటికి పేరు ఉన్నది, రహస్యమైన సంకేతపదం ఉన్నది, అధికారం ఉన్నది. వాటి వెనుక మనిషి మాత్రం లేడు. వాటిని సేవా ఖాతాలు అంటారు. ఇది యంత్రనిపుణులకు మాత్రమే పట్టిన విషయమని అనుకొనరాదు. మన పింఛను, భూమి పాసుపుస్తకం, కరెంటు బిల్లు, ఆసుపత్రి చీటీ అన్నీ కంప్యూటర్లలోకి చేరిన ఈ రోజులలో, ఆ ఖాతాల తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నదో తెలియకపోవడం ప్రతి ఇంటికీ సంబంధించిన విషయమే. కావున వాటి స్వభావాన్నీ, వాటిని కాపాడుకొనే పద్ధతినీ కొంత వివరించదలచినాము.

దంతాలపల్లినే తీసుకొందాము. వరంగల్లు నుండి తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే దారిలోని ఈ ఊరు ఒకప్పుడు వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలంలోనిది. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి. ఆనాడు దంతాలపల్లి తానే ఒక మండల కేంద్రమై, కొత్తగా ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరినది. మండలం పుట్టడమంటే కార్యాలయం ముందు కొత్త బోర్డు కట్టడం మాత్రమే కాదు. ఏ ఉద్యోగి ఏ ఊరి లెక్కలు చూడవచ్చును, ఎవరి సంతకం ఎక్కడ చెల్లును, ఏ కాగితం ఏ బల్ల మీదికి పోవలెను అనేవన్నీ తిరిగి వ్రాసుకొనవలెను. పటము మీద గీత మారినంత మాత్రాన అధికారాలు వాటంతట అవి మారవు. కొత్త అధికారం ఇవ్వడం ఎంత ముఖ్యమో పాత అధికారాన్ని తీసివేయడం అంత ముఖ్యం. మొదటిదానిని ఎవ్వరూ మరచిపోరు. అది లేకపోతే పని జరగదు గనుక. రెండవదానిని మాత్రం తరచుగా మరచిపోతారు. అది జరగకపోయినా ఆనాటికి ఎవరికీ ఇబ్బంది కలగదు గనుక.

ఇట్టి అధికారాల పట్టికనే కంప్యూటరు పరిభాషలో డైరెక్టరీ అంటారు. టెలిఫోను డైరెక్టరీలో పేరు, ఊరు, నంబరు ఉండేవి. కంప్యూటరు డైరెక్టరీలో వాటితోపాటు ఆ మనిషి ఏ విభాగంలోనివాడు, ఏ గదికి పోవచ్చును, ఏ పుస్తకం తెరవవచ్చును అనేవి కూడ ఉంటవి. 1988లో ఇందుకొక అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడినది. దాని పేరు ఎక్స్.500. అది చాల బరువైనదని తోచి, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో తేలికపరచి ఎల్‌డాప్ అనే పద్ధతిని రూపొందించినారు. 1993లో అది ప్రకటితమైనది. 2000వ సంవత్సరంలో మైక్రోసాఫ్టు సంస్థ తన విండోస్ 2000తో ఆక్టివ్ డైరెక్టరీని విడుదల చేసినది. నేడు లోకంలోని పెద్ద కార్యాలయాలలో అధికభాగం ఈ తరహా పట్టికల మీదనే నడుస్తున్నవి. వాటిని చూచుకొనే ఉద్యోగాలలో మన తెలుగు యువకులు, యువతులు హైదరాబాదులోనూ విదేశాలలోనూ ఎందరో ఉన్నారు. మీ ఇంటి పిల్లలే రాత్రి వేళల కూర్చొని ఏ దూరదేశపు ఆసుపత్రి పట్టికనో సరిచూస్తూ ఉండవచ్చును.

వేల మంది ఉద్యోగులు గల సంస్థలో ఈ పట్టికను చేతితో దిద్దుతూ కూర్చొనడం సాధ్యం కాదు. అందుకని డైరెక్టరీని నిర్వహించే సాఫ్ట్‌వేర్‌లు వచ్చినవి. జీతాల జాబితాలో కొత్త పేరు కనబడగానే అవి ఖాతా తెరుస్తవి. పదవీ విరమణ చేసినవారి ఖాతా మూస్తవి. బదిలీ అయినవారిని ఒక విభాగం నుండి మరొక విభాగానికి మారుస్తవి. అర్ధరాత్రి కూడ వాటి పని ఆగదు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ వచ్చి పట్టికను దిద్దుతానన్నప్పుడు డైరెక్టరీ ఊరుకొనదు, “నీవు ఎవరు?” అని అడుగుతుంది. దానికి సమాధానంగా ఆ సాఫ్ట్‌వేర్ చూపేదే తన సేవా ఖాతా పేరు, సంకేతపదం. ఇతర సేవా ఖాతాలు ఏదో ఒక గది తలుపు తెరిచేవి కాగా, ఈ ఖాతా తాళపుచెవులు తయారుచేసే కమ్మరి వంటిది. ఇది దొంగ చేతిలో పడితే వాడు కన్నం వేయనక్కరలేదు. పట్టికలో తన పేరు తానే వ్రాసుకొని, పట్టపగలు వీథి వాకిట్లో నుండి లోపలికి రావచ్చును.

మనిషి ఖాతాకూ సేవా ఖాతాకూ నడుమ ఉన్న భేదాన్ని గుర్తించవలెను. మనిషి తన ఖాతాలో ఏదైనా వింత కనబడితే గగ్గోలు పెడతాడు. సెలవులో ఉన్నవాని పేరుతో పని జరిగితే తోటివారు శంకిస్తారు. సంకేతపదం తోడు అతని చేతి ఫోనుకు మరొక అంకె పంపి నిర్ధారించుకొనవచ్చును. సేవా ఖాతాకు ఫోను లేదు, సెలవు లేదు, నోరు లేదు. దాని పేరుతో ఎవరు ఏమి చేసినా అది ఫిర్యాదు చేయదు. కనుకనే దొంగలకు అది ప్రీతిపాత్రమైనది.

ఈ ఖాతాల విషయంలో జరిగే పొరపాట్లు ఐదు విధాలు. మొదటిది, సంకేతపదాన్ని ప్రోగ్రాము లోపలనే అందరూ చదువగల అక్షరాలలో వ్రాసి ఉంచడం. ఇది తాళం వేసి చెవిని గుమ్మానికి వ్రేలాడదీయడం వంటిది. రెండవది, ఒకే ఖాతాను పది పనులకు వాడడం. అందువల్ల తప్పు జరిగినప్పుడు అది ఏ పని వలన జరిగినదో తేలదు. మూడవది, పని సాగకపోతే విసిగి, అన్ని అధికారాలూ ఒక్కసారి ఇచ్చివేయడం. తరువాత వాటిని వెనుకకు తీసుకొనేవారు ఉండరు. నాల్గవది, మార్చితే ఏ పని ఆగిపోతుందో అనే భయం చేత సంకేతపదాన్ని ఏండ్ల తరబడి మార్చకపోవడం. ఐదవది, ఆ ఖాతాను తెరిచినవాడు ఉద్యోగం మాని పోయిన తరువాత దానికి దిక్కెవరో లేకపోవడం. ఈ ఐదింటిలో చివరిదే తక్కినవాటికి మూలమని మా అభిప్రాయం. జవాబుదారి ఉంటే తక్కిన నాలుగూ నేడో రేపో సరిపడతవి. లేకపోతే ఎంత చక్కని నియమమైనా కాగితం మీదనే మిగులుతుంది.

పాత సంకేతపదం ఎందుకు ప్రమాదకరమో తెలియడానికి లోపలి పద్ధతి కొంత చెప్పవలెను. ఆక్టివ్ డైరెక్టరీలో గుర్తింపు పని చేసేది కెర్బెరోస్ అనే పద్ధతి. 1980లలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో ఇది పుట్టినది. గ్రీకు పురాణాలలో పాతాళ ద్వారాన్ని కాచే మూడు తలల కుక్క పేరు దీనికి పెట్టినారు. ఈ పద్ధతిలో ఉద్యోగికి ఏదైనా సేవ కావలసినప్పుడు డైరెక్టరీని అడిగి ఒక టికెట్టు తీసుకొంటాడు. ఆ టికెట్టులోని భాగం, సేవా ఖాతా సంకేతపదం నుండి తయారైన తాళంతో మూయబడి ఉంటుంది. చిక్కంతా ఇక్కడనే. కార్యాలయంలోని అతి సామాన్యమైన ఖాతా చేతిలో ఉన్నవాడు కూడ ఆ టికెట్టును అడిగి పుచ్చుకొనవచ్చును. దానిని తన యంత్రానికి తీసుకొనిపోయి, ఒకదాని తరువాత ఒకటిగా కోట్ల కొలది పదాలను ప్రయత్నించి చూడవచ్చును. వాడు తాళం తిప్పుతున్నది తన ఇంట్లో గనుక ఆ చప్పుడు కార్యాలయానికి వినబడదు. 2014లో టిమ్ మెడిన్ అనే పరిశోధకుడు ఈ మార్గాన్ని బహిరంగంగా చూపినాడు. దీనికి విరుగుడు సంకేతపదం పొడవే. ఊరి పేరు, దేవుని పేరు, దాని చివర పుట్టిన సంవత్సరం చేర్చిన పదం తొందరగా తెగిపోతుంది. ఏ అర్థమూ లేకుండ ఇరవై అయిదుకు మించిన అక్షరాలు గల పదాన్ని ఊహించి పట్టుకొనడం నేటి యంత్రాలకు ఆచరణలో సాధ్యం కాదు.

దిక్కులేని ఖాతా ఎంత పని చేయగలదో చెప్పడానికి దృష్టాంతాలకు కొదువ లేదు. 2021లో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం చేరవేసే కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దొంగలు ప్రవేశించినారు. వారు వచ్చినది వాడుకలో లేకపోయినా మూయకుండ వదిలిన ఒక పాత ఖాతా ద్వారా. దానికి రెండవ నిర్ధారణ కూడ లేదు. అది సేవా ఖాతా కాకపోయినా పాఠం ఒకటే. కొన్ని దినాలు ఆ గొట్టపు మార్గం ఆగి, పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరినారు. ఇక 2024 జనవరిలో, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల అధిపతిగా ఉన్న మైక్రోసాఫ్టు సంస్థయే, తన ఉన్నతోద్యోగులు కొందరి ఉత్తరాలను విదేశీ గూఢచారులు చదివినారని ప్రకటించినది. ఎప్పుడో పరీక్ష కోసం ఏర్పరచిన ఒక పాత ఖాతాను పట్టుకొని, అక్కడ అధికాధికారాలతో మిగిలిపోయిన ఒక పాత పరీక్షా ప్రోగ్రాము గుర్తింపును ఆధారం చేసికొని వారు లోపలికి పోయినారు. డైరెక్టరీని తయారుచేసినవారి ఇంటిలోనే ఇట్లు జరిగినదంటే, ఇది తెలివికి సంబంధించిన విషయం కాదనీ, ఓపికతో లెక్క చూచుకొనడానికి సంబంధించినదనీ తేలుతున్నది.

మన రాష్ట్రంలోనూ హెచ్చరిక లేకపోలేదు. 2024 మే, జూన్ నెలలలో తెలంగాణ పోలీసుశాఖ వారి హాక్ ఐ, టీఎస్‌కాప్ యాప్‌ల నుండి సమాచారం బయటికి పోయినది. బలహీనమైన సంకేతపదమో, పరులకు తెలిసిపోయిన సంకేతపదమో ఇందుకు కారణం కావచ్చునని ప్రాథమిక విచారణ తరువాత పోలీసుశాఖ తెలిపినది. ఒక యువకుడిని అరెస్టు చేసినారు. ఆపదలో ఉన్న ఆడపడుచు పంపిన ఫిర్యాదులో ఆమె పేరు, ఫోను నంబరు, ఊరు ఉంటవి. ఆమె పోలీసులను నమ్మి ఇచ్చిన మాట అది. సంకేతపదం చిన్నదే కావచ్చును, దాని వెనుక దాగిన నమ్మకం మాత్రం చిన్నది కాదు.

అప్పగింత అనే మాట మన గ్రామాలకు కొత్తది కాదు. పట్వారీ ఇంట దస్తరం ఉండే రోజులలో భూమి ఎవరిదో ఆ దస్తరమే చెప్పేది. 1984లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసినప్పుడు, పదవి పోవడం ఒక ఎత్తు, దస్తరం చేతులు మారడం ఒక ఎత్తు. 2020 సెప్టెంబరు 7వ తేదీన తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారుల వద్దనున్న రికార్డులన్నిటినీ ఆ ఒక్కనాడే స్వాధీనపరచుకొనవలెనని కలెక్టర్లను ఆదేశించినది. ఆ పదవుల రద్దుకు సంబంధించిన బిల్లు శాసనసభకు వచ్చినది ఆ తరువాతనే. ఆ నిర్ణయం మంచిచెడ్డల విచారణ ఇక్కడ మా పని కాదు. అయితే ఆ వరుసను గమనించవలెను: ముందు దస్తరం, తరువాత పదవి. ఉద్యోగి వెళ్లిపోయిన మరునాడు అతని చేతి సంకేతపదాలను వెదకడం కంటె, అతడు వెళ్లకముందే వాటిని మార్చుకొనడం మేలు. ఇందులో అతని నిజాయితీని శంకించడం ఏమీ లేదు. ఇది అతనికి కూడ రక్షణయే. రేపు ఏదైనా పొరపాటు జరిగితే ఆ నింద అతని మీద పడదు.

ఇక చేయవలసిన పని. మొదట లెక్క తీయవలెను. ఏయే సేవా ఖాతాలు ఉన్నవి, ఒక్కొక్కటి ఏ పని కోసం, ఏ యంత్రం మీద, ఎవరి జవాబుదారీలో ఉన్నది అని ఒక పుస్తకంలో వ్రాయవలెను. జవాబుదారిగా వ్యక్తి పేరుతోపాటు పదవి పేరు కూడ ఉండవలెను. వ్యక్తులు మారుతారు, పదవి నిలుస్తుంది. ఎవరూ తమదని చెప్పని ఖాతాను వెంటనే చెరిపివేయరాదు. కొన్నాళ్లు తాత్కాలికంగా మూసి ఉంచి, ఏ పనీ ఆగకపోతే అప్పుడు తీసివేయవలెను.

రెండవది, అధికారాన్ని కత్తిరించడం. సంకేతపదాలు మరచినవారికి కొత్తవి ఇవ్వడమే ఒక సాఫ్ట్‌వేర్ పని అయితే, ఆ ఉద్యోగుల విభాగం మీద ఆ ఒక్క అధికారమే దానికి ఇవ్వవలెను. సర్వాధికారులుండే సమూహంలో దానిని చేర్చరాదు. ఆ ఖాతాతో మనిషి ఎవ్వరూ యంత్రం ముందు కూర్చొని లోపలికి ప్రవేశించకుండ కట్టడి చేయవలెను. ఏ యంత్రం నుండి రావలసినదో ఆ యంత్రం నుండి తప్ప మరొక చోటి నుండి వస్తే తిరస్కరించవలెను.

మూడవది, సంకేతపదాన్ని మార్చే వరుస. డైరెక్టరీలో మార్చి, సేవ నడిచే యంత్రంలో మార్చకపోతే, ఆ యంత్రం పాత పదంతోనే పదే పదే తలుపు తట్టి చివరకు ఖాతాకే తాళం పడుతుంది. జీతాల పట్టిక ఆగుతుంది, జనం బారులు తీరుతారు. ఈ భయం వలననే చాలామంది దాని జోలికి పోరు. కావున ముందుగా ఆ ఖాతా ఎక్కడెక్కడ వాడబడుతున్నదో పూర్తిగా తెలిసికొని, రద్దీ లేని వేళ చూచుకొని, రెండు చోట్లా వెంటవెంటనే మార్చి, పని సాగుతున్నదో లేదో అక్కడే నిలిచి చూడవలెను. క్రొత్త పదాన్ని కాగితం మీదనో, వాట్సాప్‌లోనో పంపరాదు. ఇట్టివాటి కోసమే తయారైన భద్రపేటికల వంటి సాఫ్ట్‌వేర్‌లలో ఉంచి, ఎవరు ఎప్పుడు తెరిచినారో వ్రాత ఉండేటట్లు చూడవలెను.

వీలైనచోట్ల మనిషికి ఆ పదం తెలియనవసరమే లేకుండ చేయడం ఉత్తమం. 2012లో వచ్చిన సామూహిక నిర్వహిత సేవా ఖాతా అనే ఏర్పాటులో డైరెక్టరీయే 120 అక్షరాల సంకేతపదాన్ని పుట్టించి, మామూలుగా 30 దినాలకు ఒకమారు తానే మార్చుతుంది. ఏ యంత్రాలకు అనుమతి ఉన్నదో అవే దానిని అడిగి తెలిసికొంటవి. మనుష్యులను నెలనెలా సంకేతపదం మార్చుమని వేధించడం వలన వారు బలహీనమైన పదాలను ఎన్నుకొంటారని అమెరికా ప్రమాణాల సంస్థ 2017లోనే చెప్పినది. యంత్రానికి ఆ బాధ లేదు. ఎంత పొడవైన పదమైనా, ఎన్నిమార్లు మార్చినా అది విసుగుకొనదు. అయినా ఏర్పాటు కొత్తదైనంత మాత్రాన నిశ్చింతగా నిద్రపోరాదు. 2024లో విండోస్ సర్వర్ 2025తో వచ్చిన మరొక కొత్త తరహా సేవా ఖాతాలో ఒక లోపం ఉన్నట్లు 2025 మే నెలలో పరిశోధకులు బయటపెట్టినారు. ఆగస్టులో దానిని సరిదిద్దినారు. తాళాన్ని మెరుగుపరచవచ్చును గాని కావలిని మానుకొనరాదు.

కావలి అంటే వ్రాత పుస్తకం చూడడమే. రాత్రి రెండు గంటలకు మాత్రమే పని చేయవలసిన ఖాతా పగలు పదకొండు గంటలకు కనబడినదంటే కారణం విచారించవలెను. 2022 ఏప్రిల్ 28వ తేదీన భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇట్టి నమోదులను 180 దినాలు భద్రపరచవలెను. నిర్దిష్టమైన దుర్ఘటనలను తెలిసిన 6 గంటలలోగా తెలియజేయవలెను. నమోదులు ఉంచి ఎవ్వరూ చదవకపోతే ఆ ఆదేశపు అక్షరం నెరవేరుతుంది గాని ప్రయోజనం నెరవేరదు.

ఇదంతా విని, పల్లెలోని సామాన్యుడు ఏమి చేయగలడని అడుగవచ్చును. సహకార సంఘపు పాలకవర్గంలో మీరు ఉండవచ్చును. పాఠశాల కమిటీలో ఉండవచ్చును. పట్టణంలో చిన్న ఆసుపత్రినో, నాలుగు కంప్యూటర్ల దుకాణాన్నో నడుపుతూ ఉండవచ్చును. సాఫ్ట్‌వేర్ పెట్టి పోయినవారిని నాలుగు ప్రశ్నలు అడగండి. మనిషి లేకుండ నడిచే ఖాతాలు మా వద్ద ఎన్ని ఉన్నవి? ఒక్కొక్కదానికి జవాబుదారి ఎవరు? దాని పనికి మించిన అధికారం ఏదైనా దానికి ఉన్నదా? సంకేతపదం చివరిసారి మార్చినది ఎప్పుడు, మార్చినవారు నేడు ఎక్కడ ఉన్నారు? ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజనీరింగు చదువు అక్కరలేదు. సమాధానాలు తడుముకొనకుండ వస్తే సంతోషించండి. రాకపోతే, వచ్చేవరకు అడుగుతూనే ఉండండి.